ప్రయోగదశలోని ఆపరేటింగ్ సిస్టంతో నిత్యవ్యవహారము: మన రెండు లిపుల పరీక్ష

ఉపోద్ఘాతము

కంప్యూటరు యంత్రము వేరు, దానిని నడపు వ్యవస్థ వేరు. మీట నొక్కగానే అక్షరమును తెరమీదికి తెచ్చుట, వ్రాసిన వ్యాసమును డిస్కులో భద్రపరచుట, దానిని ముద్రణయంత్రమునకు పంపుట, ఏకకాలమున నడచుచున్న ప్రోగ్రాములకు మెమరీని పంచి యిచ్చుట మొదలగు పనులన్నింటిని జరిపించు మూల ప్రోగ్రామునకు ఆపరేటింగ్ సిస్టం అని పేరు. తెలుగున నిర్వహణ వ్యవస్థ యనవచ్చును. నాటకమునకు సూత్రధారుడు ఎట్టివాడో కంప్యూటరునకు ఇది యట్టిది.

మనలో పెక్కుమందికి తెలిసినది విండోస్. కొందరికి లినక్స్ తెలియును. ఈ రెండును గాక, చిన్న బృందములవారు, అధికభాగము జీతము లేకయే, నిర్మించుచున్న వ్యవస్థలు మరికొన్ని కలవు. హైకూ, రియాక్టోస్, సెరెనిటీ, రెడాక్స్ అనునవి అట్టివి. ఇవి యింకను ప్రయోగదశలో నున్నవి. అనగా తయారుచేయువారే ఇవి పూర్తియైనవని చెప్పుటలేదు.

ఈ వ్యాసమున మేము విచారింపదలచిన ప్రశ్న ఇది: ఏలూరులోనో, తాడేపల్లిగూడెములోనో, కొల్లేటి గ్రామములలోనో ఉండి చదువుకొనుచు, తెలుగును ఉర్దూను వ్రాయు విద్యార్థులు అట్టి ప్రయోగ వ్యవస్థతో దినదినము పని జరుపుకొనగలరా? జరుపుకొనుటవలన వారికిగాని, మన భాషలకుగాని కలుగు ప్రయోజనమేమి?

ఈ ప్రశ్న ఇప్పుడు పుట్టుటకు కారణము కలదు. విండోస్ 10 అను వ్యవస్థకు సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. ప్రత్యేకమైన పొడిగింపు పథకములో చేరిన యంత్రములకు మాత్రమే అటుపిమ్మట సవరణలు అందును. దాని తరువాతిదగు విండోస్ 11 నడచుటకు టి.పి.ఎం. 2.0 అను భద్రతా భాగము మొదలగునవి యంత్రమున నుండవలెను. ఆ భాగములు లేని పాత కంప్యూటర్లు, చెడిపోకున్నను, పనికిరానివిగా ఎంచబడుచున్నవి. అన్నగారు చదువు ముగించి తమ్మునికిచ్చిన ల్యాప్‌టాపు చాలమంది విద్యార్థులకు ఏకైక ఆధారము. కావున దానిమీద మరియేది నడచునన్న విచారము వినోదమునకు కాక, అవసరమునకే చేయవలసియున్నది.

ప్రయోగము నిత్యవాడుక యగుట: చరిత్ర

నేడు స్థిరపడిన వ్యవస్థలన్నియు ఒకనాడు ప్రయోగములే. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలగువారు యూనిక్స్ అను వ్యవస్థను ఆరంభించిరి. అది కొద్దిమంది పరిశోధకుల పనిముట్టుగనే యుండెడిది. 1971లో ఆ సంస్థయొక్క పేటెంటు శాఖవారు తమ దరఖాస్తులను టైపుచేసి క్రమపరచుకొనుటకు దానిని వాడసాగిరి. పరిశోధకులు కానివారు, టైపు పనివారు, యూనిక్స్‌ను దినదినము వాడుట అప్పుడు మొదలైనది. ఆ శాఖ అక్కరలను తీర్చుటకై చేసిన కృషి వలననే అందలి వ్రాతకూర్పు సాధనములు పదునెక్కినవి. అనగా నిత్యవ్యవహారము ప్రయోగమునకు పరీక్షయైనది. పరీక్ష దానిని పెంచినది.

1991 ఆగస్టు 25న ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తానొక వ్యవస్థను వ్రాయుచున్నానని, అది కేవలము సరదాకు చేయు పనియే గాని పెద్దది కాదని తోటివారికి తెలిపెను. అదియే లినక్స్. నేడు మన చేతనున్న ప్రతి ఆండ్రాయిడ్ ఫోనులోను మూలమున నడచుచున్నది దాని కెర్నెలే.

మూడవ ఉదాహరణము మన లిపులకు మరింత దగ్గరిది. యూనిక్స్ నిర్మాతలే పిమ్మట ప్లాన్ 9 అను మరియొక వ్యవస్థను ప్రయోగముగా కట్టిరి. ప్రపంచ లిపులన్నింటిని ఒకే పద్ధతిని భద్రపరచుట యెట్లన్న చిక్కు వచ్చినప్పుడు, 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు యు.టి.ఎఫ్.-8 అను సంకేత పద్ధతిని రూపొందించిరి. కొలది దినములలోనే ప్లాన్ 9 అంతయు ఆ పద్ధతికి మార్చబడినది. ప్లాన్ 9 జనసామాన్యములోనికి రాలేదు. కాని దానికొరకు పుట్టిన సంకేత పద్ధతి నేడు దాదాపు అన్ని వెబ్ పుటలయందును వాడబడుచున్నది. మనము పంపుకొను తెలుగు సందేశములును, ఉర్దూ సందేశములును చాలవరకు ఆ పద్ధతిలోనే ప్రయాణము చేయుచున్నవి. ప్రయోగ వ్యవస్థ వ్యాపింపకున్నను దానియందు పుట్టిన ఫలము లోకమునకు దక్కవచ్చునని దీనివలన తెలియుచున్నది.

తెలుగునాట జరిగిన యత్నము

పరాయి భాషలో నున్న కంప్యూటరును తెలుగువానికి దగ్గర చేయవలెనను ప్రయత్నము తెలుగునాటనే జరిగినది. కేంద్ర ప్రభుత్వము 1980 దశకములో భారతీయ లిపులకు ఇస్కీ అను సంకేతములను, ఇన్‌స్క్రిప్ట్ అను మీటల అమరికను నిర్ణయించినది. యూనికోడ్ తొలి సంచికయందు, 1991లో, ఇస్కీ ననుసరించియే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి అను తెలుగు ఫాంటును తెచ్చినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన అను పేర్లతో ఫాంటులను చేసి ఉచితముగా పంచిరి.

2005లో స్వేచ్ఛ అను పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టం వెలువడినది. హైదరాబాదు కేంద్రముగా నున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కార్యకర్తలు లినక్స్ కుటుంబములోని డెబియన్ ఆధారముగా దానిని కూర్చిరి. ఆ సంస్థయు స్వేచ్ఛ అను పేరుననే ప్రసిద్ధమైనది. 2007లో చెన్నైలోని సి-డాక్ సంస్థ బాస్ అను లినక్స్ వ్యవస్థను భారతీయ భాషల సౌకర్యముతో విడుదల చేసినది. ఫైలు అను మాటకు దస్త్రము అను మాట తెరమీద కనబడుట ఇట్టి అనువాద కృషి ఫలమే. కచేరీలలో నలిగిన పాతమాట కంప్యూటరులో నూతనముగా నెలకొన్నది.

ఈ యత్నములనుండి మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. స్వేచ్ఛను కూర్చినవారు కెర్నెలును క్రొత్తగా వ్రాయలేదు; వ్రాయనక్కరయు లేకపోయెను. వారు చేసినది, ఉన్న వ్యవస్థను తెలుగు కన్నుతో చూచి, తెలుగునకు లోపించినదానిని పూరించుట. ప్రయోగ వ్యవస్థలకు నేడు కావలసినది ఆ కన్నే.

హైకూ

ప్రయోగ వ్యవస్థలలో నిత్యవాడుకకు దగ్గరగా వచ్చినదానిని ఒకదానిని తీసికొని చూతము. 1990 దశకములో బీ అను అమెరికా సంస్థ బీఓఎస్ అను వ్యవస్థను నిర్మించెను. ఆ సంస్థ ఆస్తులను 2001లో పామ్ సంస్థ కొనివేయగా బీఓఎస్ ఆగిపోయినది. దానిని ప్రేమించినవారు ఆ సంవత్సరముననే దానిని మొదటినుండి తిరిగి వ్రాయుటకు పూనుకొనిరి. 2004లో ఆ పనికి హైకూ అని పేరు పెట్టబడినది. హైకూ యనగా జపానీయుల మూడు పాదముల చిన్న కవిత. తెలుగున ఇస్మాయిల్‌గారు మొదలగు కవులు ఆ ప్రక్రియను చేపట్టిరి. తొలి ఆల్ఫా ప్రతి 2009లోను, తొలి బీటా ప్రతి 2018లోను, ఐదవ బీటా 2024 సెప్టెంబరులోను వచ్చినవి. ఇరువది సంవత్సరములకు పైగా జరిగినను అది బీటాను దాటలేదు. ఓపికకు ఇది నిదర్శనము, అసంపూర్ణతకును నిదర్శనమే.

ఇది చిన్న యంత్రముల మీదను చురుకుగా నడచును. పెన్‌డ్రైవు మీదికి ఎక్కించి, కంప్యూటరులోని డిస్కును ముట్టుకొనకయే నడపి చూడవచ్చును. లినక్స్‌లో వలె పలువురు కట్టిన భాగములను జతచేయుట గాక, కెర్నెలు మొదలు కిటికీల వరకు ఒకే బృందము ఒకే ఆలోచనతో కట్టుటచేత అన్నిభాగములకు పొందిక యున్నది. ఇట్టిదానిని నిత్యము వాడదలచినవారు మూడు పరీక్షలు జరుపవలెనని మా అభిప్రాయము. మొదటిది లిపి పరీక్ష, రెండవది రవాణా పరీక్ష, మూడవది యంత్ర పరీక్ష.

మొదటి పరీక్ష: లిపి

తెరమీద కనబడు అక్షరము వేరు, డిస్కులో నున్న సంకేతము వేరు. ఏలూరు అను మాట మన కంటికి మూడు అక్షరములు. కంప్యూటరునకు అది ఐదు సంకేతములు: ఏ, ల, ఊకారపు కొమ్ము, ర, ఉకారపు కొమ్ము. యూనికోడ్ పట్టికలో వీని సంఖ్యలు వరుసగా 3087, 3122, 3138, 3120, 3137. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైట్లు పట్టును. మొత్తము 15 బైట్లు. కొల్లేరు అను మాట కంటికి మూడు అక్షరములే యైనను సంకేతములు ఎనిమిది, బైట్లు 24. తాడేపల్లిగూడెం అను మాటకు ఆరు అక్షరములు, 14 సంకేతములు, 42 బైట్లు.

కొల్లేరు అను మాటలో మొదటి లకారము, పొల్లు గుర్తు, రెండవ లకారము, ఏత్వము అను నాలుగు సంకేతములు వేరువేరుగా భద్రమై యుండును. వానిని చదివి, రెండవ లకారమును వత్తుగా మార్చి క్రింద పెట్టి, ఏత్వమును మొదటి లకారముమీద నిలిపి, ల్లే అను ఒక్క రూపమును తయారుచేయు పని మరియొక ప్రోగ్రాముది. దానిని అక్షరకూర్పు యంత్రమనవచ్చును. ఏ సంకేతము ఏ రూపము దాల్చవలెనో చెప్పు నియమములు ఫాంటులో నుండును. ఆ నియమములను చదివి అమలుజరుపువాడు లేనిచో, ఎంత చక్కని ఫాంటు పెట్టినను పొల్లుగుర్తులు విడివిడిగా నిలిచి, గుణింతములు ఎటోపోయి, మాట చదువుటకు రాకుండును.

ఉర్దూలో చిక్కు మరియొక విధమైనది. ఏలూరు పేరును అలిఫ్, యే, లామ్, వావ్, రే, వావ్ అను ఆరక్షరములతో వ్రాసినచో, ఒక్కొక్కదానికి రెండు బైట్ల చొప్పున 12 బైట్లు పట్టును. వావ్ ఇందులో రెండుసార్లు వచ్చినది. రెండింటికిని సంకేతము ఒకటే. కాని మొదటి వావ్ తనకు ముందున్న లామ్‌తో కలసియుండును. రెండవ వావ్, రే అను అక్షరము తన తరువాతిదానితో కలియదు గనుక, ఒంటిగా నిలుచును. ఒకే సంకేతము, రెండు రూపములు. అదియుగాక వరుస కుడినుండి ఎడమకు నడచును. మధ్యలో వచ్చిన అంకెలు మాత్రము ఎడమనుండి కుడికి నడచును. నస్తాలీఖ్ శైలిలో అక్షరములు సమరేఖపై నిలువక ఏటవాలుగా దిగివచ్చును. ఆ సొగసు యంత్రమునకు లొంగనందుననే ఉర్దూ పత్రికలు చిరకాలము కాతిబుల చేతివ్రాతపైననే ఆధారపడెను. 1981లో మీర్జా అహ్మద్ జమీల్‌గారి నూరీ నస్తాలీఖ్, వేలకొలది కూర్పులను ముందే గీయించి పెట్టుకొని, ఆ కొరతను తీర్చినది.

నేడు తెలుగునకును ఉర్దూకును ఈ పనిని ఉచితముగా చేసిపెట్టుచున్న అక్షరకూర్పు యంత్రములలో ప్రసిద్ధమైనది హర్ఫ్‌బజ్. హర్ఫ్ అనగా అక్షరమనియు, బాజ్ అనగా తెరచియున్నదనియు పారసీకార్థము. ఓపెన్‌టైప్ అను ఫాంటు పద్ధతి పేరునకు అది పారసీకానువాదము. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ ఇవన్నియు దానిని వాడుచున్నవి. తెలుగు ల్లే కారమును అమర్చుచున్నది పారసీక నామధారియగు ప్రోగ్రామని తెలిసినప్పుడు రెండు భాషలవారమును సంతసింపవచ్చును.

హైకూ సొంత అక్షర చిత్రణ భాగములో ఇట్టి సంయుక్తాక్షరముల కూర్పును, కుడినుండి నడచు వరుసయు చిరకాలము లోపముగనే యుండినవి. క్యూటి అను సాధనసముదాయముతో కట్టి హైకూ మీదికి తెచ్చిన ప్రోగ్రాములు తమ కూర్పు యంత్రమును తామే వెంట తెచ్చుకొనును. అందుచేత ఒకే తెరమీద ఒక కిటికీలో కొల్లేరు సరిగా కనబడి, ప్రక్క కిటికీలో చెదరిపోవచ్చును. ఫైలు లోపల తెలుగు సరిగా నుండి, ఫైలు పేరు మాత్రము చెడిపోవచ్చును. కావున ఏ ప్రతి వచ్చినను ముందుగా ఈ పరీక్ష జరుపవలెను. అందుకు తగిన మాటలు: జ్ఞానము, క్షేత్రము, స్త్రీ, రాష్ట్రము, కొల్లేరు, ఉప్పుటేరు, తాడేపల్లిగూడెం. వీనిని టైపుచేసి, భద్రపరచి, మరల తెరచి, వెదకి, చెరిపి చూడవలెను. చెరుపు మీట ఒక్కసారి నొక్కిన అక్షరమంతయు పోవుచున్నదా, ఒక్క గుణింతపు గుర్తే పోవుచున్నదా యని కూడ గమనింపవలెను. ఉర్దూ పంక్తి నడుమ ఒక సంవత్సరమును అంకెలలో వ్రాసి, అంకెలు తారుమారగుచున్నవేమో చూడవలెను.

రెండవ పరీక్ష: రవాణా

హైకూలో మెచ్చదగిన గుణమొకటి కలదు. ప్రతి ఫైలునకు పేరు, పరిమాణము, తేది అనునవి గాక, మనమే క్రొత్త లక్షణములను తగిలింపవచ్చును. కైకలూరు, ఆకివీడు ప్రాంతములలో చేపల చెరువుల నాశ్రయించి జీవించు కుటుంబములు అనేకములు. అట్టి యింటి విద్యార్థి ఒక్కొక్క దినపు లెక్కను ఒక్కొక్క ఫైలుగా చేసి, దానికి చెరువు పేరు, మేత బస్తాల సంఖ్య, పట్టుబడి తూకము అను లక్షణములను తగిలించెననుకొందము. ఫైళ్ళను చూపు ట్రాకర్ అను కిటికీయే అప్పుడు లెక్కపట్టికగా మారును. ఫలాని చెరువునకు ఇరువది బస్తాలకు మించి మేత వేసిన దినములేవి యని అడిగినచో వ్యవస్థయే వెదకి చూపును. దీనికి వేరొక డేటాబేసు ప్రోగ్రాముతో పనిలేదు. ఐతే వెదకదలచిన లక్షణమునకు ముందుగా సూచిక నేర్పరచవలెను. సూచికకు పూర్వము వ్రాసిన ఫైళ్ళు వానంతట అవి దానిలో చేరవు. ఇది మొదటి దినముననే తెలిసికొనవలసిన సంగతి.

ఇంత సౌకర్యమునందును అపాయమొకటి దాగియున్నది. ఆ ఫైళ్ళను సాధారణమైన పెన్‌డ్రైవు మీదికి ఎక్కించి తాడేపల్లిగూడెములోని జిరాక్సు దుకాణమునకు తీసికొనిపోయినచో ఏమగును? పెన్‌డ్రైవులలో సామాన్యముగా నుండు ఫ్యాట్ అను పద్ధతికి ఇట్టి లక్షణములను మోయు శక్తి లేదు. ఫైలు పేరు పోవును, లోపలి వ్రాత పోవును. తగిలించిన లక్షణములు మాత్రము వెంటరావు. లెక్క అంతయు లక్షణములలోనే యున్నచో అక్కడికి చేరునవి ఉత్త ఫైళ్ళే. హైకూలోని జిప్ సాధనముతో మూటగట్టినచో అవి మూటలో భద్రముగా నుండును గాని, మరల హైకూలో విప్పినప్పుడే ప్రయోజనము.

కావున నియమమిది: ఏ వ్యవస్థలోనైనను, బయటికి తీసికొనిపోవు త్రోవను చూచుకొనిన పిమ్మటనే లోపలికి ముఖ్యమైన వ్రాతను చేర్చవలెను. నెలకొకసారి లెక్కలను సాదా పాఠముగా వేరొక చోట దింపియుంచవలెను. ముద్రింపవలసినదానిని పి.డి.ఎఫ్.గా మార్చి తీసికొనిపోవుట మేలు. ఫాంటును అందే పొదిగియుంచినచో దుకాణపు కంప్యూటరులో ఆ ఫాంటు లేకున్నను అక్షరములు చెదరవు.

కరెంటు సంగతి కూడ ఇచ్చట చెప్పవలెను. గాలివానల కాలమున కొల్లేటి ప్రాంతమున కరెంటు పోవుట వింతకాదు. హైకూయొక్క ఫైలు పద్ధతి జర్నలింగు గలది; అనగా డిస్కు అమరికలో చేయబోవు మార్పును ముందుగా చిట్టాలో వ్రాసికొని పిమ్మట అమలుచేయును. అందుచే నడుమ కరెంటు పోయినను డిస్కు అమరిక చెడదు. కాని అది అమరికకే రక్ష. భద్రపరచకుండ వ్రాయుచున్న పుటకు ఏ చిట్టాయు రక్షకాదు.

మూడవ పరీక్ష: యంత్రము, జాలము

వైఫై అందుచున్నదా, శబ్దము వినబడుచున్నదా, మూత వేసిన ల్యాప్‌టాపు మరల మేల్కొనుచున్నదా అనునవి యంత్రమును బట్టి మారును. హైకూ తన వైఫై చోదక ప్రోగ్రాములను పెక్కింటిని బి.ఎస్.డి. కుటుంబపు వ్యవస్థలనుండి తెచ్చుకొన్నది. ఐనను యంత్రములన్నియు అందులో ఇమడలేదు. పెన్‌డ్రైవునుండి నడపినప్పుడే ఇవి తేలిపోవును.

హైకూ ఒకే వాడుకరి కొరకు కట్టినది. అందు పనిచేయువానికి సమస్తాధికారములును ఉండును. ఇంటిలో నలుగురు వాడు కంప్యూటరున ఒకరి వ్రాతలకు మరియొకరినుండి మరుగు ఉండదు. బ్యాంకు వ్యవహారములు, విద్యార్థివేతనపు దరఖాస్తులు, పరీక్ష రుసుము చెల్లింపులు మొదలగువానిని ఇట్టి ప్రయోగ వ్యవస్థపై జరుపరాదని మా నిశ్చితాభిప్రాయము. గడువు గల పనికి స్థిరమైన వ్యవస్థయే తగును. పాత ల్యాప్‌టాపుతో చదువు సాగిన చాలునను విద్యార్థికి స్థిరపడిన లినక్స్ ప్రతియే మంచి ఉపాయము. అందు తెలుగును ఉర్దూయు నేడు చక్కగా నడచుచున్నవి.

అట్లయిన ప్రయోగ వ్యవస్థ యెందుకు?

వాడుకరియే పరీక్షకుడు

ప్రయోగ వ్యవస్థను కట్టువారు ఐరోపా, అమెరికా మొదలగు ఖండములలో చెదరియున్న స్వచ్ఛంద కార్యకర్తలు. వారికి నేర్పు కలదు, సద్భావము కలదు. కాని కొల్లేరు అను మాట తెరమీద చెదరినదో సరిగా నున్నదో చెప్పగల కన్ను వారికి లేదు. రెండు వావ్‌లలో ఏది కలియవలెనో, ఏది ఒంటిగా నుండవలెనో వారిలో పెక్కుమందికి తెలియదు. ఆ తెలివి ఐదవ తరగతి చదివిన మన పిల్లలకు కలదు. వ్యవస్థ పూర్తియైనదని ప్రకటింపబడు దినమున మనము అందులో లేకపోయినచో, మన లిపులు లేకయే అది పూర్తియగును. పిమ్మట చేర్చుట మొదట చేర్చుటకంటె కష్టము.

ఇది ప్రయోగ వ్యవస్థలకు మాత్రమే వర్తించునది కాదు. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోనులకు జ్ఞా అను తెలుగక్షరమునకు సంబంధించిన సంకేతముల వరుస యొకటి సందేశముగా వచ్చినచో, దానిని చూపబోయిన ప్రోగ్రాము కూలిపోయెడిది. ఆ సంస్థ కొలది దినములలో, ఆ నెల 19న, సవరణ విడుదల చేసినది. కోట్లమంది వాడు ఫోనులోనే ఒక్క తెలుగక్షరము ఇంత పనిచేసినదన్నచో, స్థిరమైనది, ప్రయోగదశలోనిది అను భేదము కూడ ఏ లిపివాడు పరీక్షించెనన్న దానిపై ఆధారపడియున్నదని తేలుచున్నది.

లోపమును తెలుపుటకు పద్ధతి కలదు. “తెలుగు బాగుగ లేదు” అని వ్రాసినచో దానివలన ఎవరికిని ఉపయోగము లేదు. “కొల్లేరు అను మాటలో 3122, 3149, 3122, 3143 అను నాలుగు సంకేతములు వరుసగా వచ్చినప్పుడు ఒక్క కూర్పుగా కనబడవలెను, పొల్లుగుర్తు విడిగా కనబడుచున్నది” అని వ్రాసి, వ్యవస్థ ప్రతి సంఖ్యను, ప్రోగ్రాము పేరును, ఫాంటు పేరును, రావలసిన రూపపు చిత్రమును, వచ్చిన రూపపు చిత్రమును జతచేసినచో, తెలుగు ఒక్క అక్షరము రానివాడును దానిని సవరింపగలడు. ఈ పనికి ప్రోగ్రాములు వ్రాయ నేర్వనక్కరలేదు. మాతృభాష తెలిసియుండుటయు, ఓపికతో గమనించుటయు చాలును.

ప్రోగ్రాము నేర్చినవారికి ఇంకను పెద్ద అవకాశము కలదు. హైకూ సి ప్లస్ ప్లస్ భాషలో వ్రాయబడినది. దాని మూలము అందరికిని చదువుటకు తెరచియున్నది. 2007 మొదలు గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అను విద్యార్థి కార్యక్రమములో అది పలుమార్లు పాల్గొన్నది. తాడేపల్లిగూడెములో 2015లో నెలకొన్న జాతీయ సాంకేతిక విద్యాసంస్థలోను, ఏలూరులోని ఇంజనీరింగు కళాశాలలలోను చదువు విద్యార్థులకు ఇది పాఠ్యపుస్తకమున దొరకని శిక్షణ.

ఆచరణ క్రమము

ఆరంభింపదలచిన విద్యార్థులకు మేము సూచించు క్రమమిది.

ఒకటి: ఉన్న వ్రాతలన్నింటికి వేరొకచోట నకలు తీసియుంచవలెను. నకలును తెరచి చదివి చూడనంతవరకు అది నకలని నమ్మరాదు.

రెండు: మొదటి వారము పెన్‌డ్రైవునుండియే నడపవలెను. డిస్కును ముట్టరాదు.

మూడు: రెండవ వారమున ఒక్క పనిని మాత్రము దానికి అప్పగింపవలెను. దినచర్య వ్రాయుట, పాఠముల సంగ్రహము వ్రాసికొనుట వంటివి తగియుండును. తెలుగున ఒక పుట, ఉర్దూలో ఒక పుట తప్పక వ్రాయవలెను.

నాలుగు: కాగితపు నోటుబుక్కులో నాలుగు గడులు గీచి, చేయబోయిన పని, జరిగినది, జరుగవలసినది, ఉపాయము అని వ్రాసికొనవలెను. సరిగా జరిగిన పనులను కూడ వ్రాయవలెను. లేనిచో చిట్టా లోపములే చెప్పి వ్యవస్థకు అన్యాయము చేయును.

ఐదు: నెల ముగిసిన పిమ్మట ఆ చిట్టాను చదివి, ఏ పనులు అందు నిలిచినవి, ఏవి తిరిగి పాత వ్యవస్థకు పోయినవి చూచుకొనవలెను. అన్ని పనులును నిలువనక్కరలేదు. ఒక్కటి నిలిచినను నిత్యవాడుక ఆరంభమైనట్లే.

ఆరు: లోపములలో ముఖ్యమైన రెండింటిని పైన చెప్పిన పద్ధతిని వ్రాసి నిర్మాతలకు పంపవలెను. ఇదివరకే ఎవరైన పంపియున్నచో దానికి మన ఉదాహరణమును చేర్చవలెను గాని క్రొత్తగా వ్రాయరాదు.

ముగింపు

ప్రయోగ వ్యవస్థతో సర్వకార్యములును జరుగునా యన్న ప్రశ్నకు మా సమాధానము: జరుగవు. దానిని విడిచిపెట్టవలెనా యన్నచో: విడువరాదు. పేటెంటు శాఖలోని టైపు పనివారు యూనిక్స్‌ను పెంచిరి. స్వేచ్ఛ కార్యకర్తలు లినక్స్‌కు తెలుగు నేర్పిరి. వారందరును చేసినది తమ నిత్యపు అక్కరను వ్యవస్థ ముందు పెట్టుట. తెలుగును ఉర్దూను ఒకే తరగతిలో చదువు మన కళాశాల విద్యార్థులకు ఎడమనుండి నడచు లిపియు, కుడినుండి నడచు లిపియు రెండును స్వంతములు. రెండింటిని ఒకే పుటమీద పరీక్షింపగల వారు లోకమున అరుదు. ఆ అరుదైన తెలివిని పరీక్ష ముగిసిన సెలవులలో ఒక నెలపాటు ఈ పనికి వినియోగించి, తమ చిట్టాలను వచ్చే సంచికకు మన విద్యార్థులు పంపుదురుగాక యని ఆశించుచున్నాము.